గోడ ఎవరిది, జాబితా ఎవరిది?

2020 డిసెంబర్ 1. జీహెచ్ఎంసీ ఎన్నికలు. సికింద్రాబాద్‌లో ఒక సర్కారు ప్రాథమిక పాఠశాలలో నాకు పోలింగ్ డ్యూటీ పడింది. కరోనా కాలం. మూతికి మాస్కు, బల్ల మీద శానిటైజర్, ఈవీఎంల బదులు బ్యాలెట్ పెట్టెలు. ఆ రోజు నగరంలో సగం మంది కూడా ఓటుకు రాలేదు. మా బూత్‌కు మాత్రం పక్క బస్తీ నుంచి పొద్దుగాలే మనుషులు వచ్చారు.

పది గంటలకు ఒక పెద్దామె గడప దగ్గర ఆగిపోయింది. "బిడ్డా, చెప్పులు ఇడ్సి రావాల్నా?" అని అడిగింది. అక్కర్లేదమ్మా, వేసుకునే రా అన్నాను. లోపలికి వచ్చి గది నాలుగు మూలలూ చూసింది. "ఈ బడి నేనే ఊడ్సిన, ఇరవై ఏండ్లు. చీపురు లేకుండ లోపలికి వచ్చింది ఓట్లప్పుడే" అంది. ఏజెంట్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. వేలికి సిరా పెట్టించుకుని, అట్టల చాటుకు పోయి, ముద్ర గుద్ది, కాగితం పెట్టెలో వేసి వెళ్లిపోయింది.

మిత్రులారా, ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఓటు ఎవరికి వేయాలన్న దాని మీద మనం గంటలు గంటలు మాట్లాడతాం. ఓటు ఎక్కడ వేస్తాం, ఆ గది ఎవరిది, అది ఎట్లా వచ్చింది అన్న చరిత్ర మాత్రం మన చర్చల్లోకి రాదు. ఈ వారం దాని గురించే రాస్తున్నాను. కార్పొరేషన్, పంచాయతీ, కంటోన్మెంట్ లాంటి స్థానిక ఎన్నికల సంగతి ఇందులో ముఖ్యం. ఎందుకంటే ఎమ్మెల్యే దూరంగా ఉంటాడు. సర్పంచో కార్పొరేటరో అయ్యేవాడు మాత్రం మన గల్లీ చివర మేడలోనే ఉంటాడు. మనం ఎవరికి వేశామో తెలుసుకోవాలన్న ఆత్రం వాడికే ఎక్కువ.

ముందు రూలు చూద్దాం. పోలింగ్ కేంద్రాన్ని వీలైనంత వరకు ప్రభుత్వ భవనంలోనో, ప్రజా సంస్థ భవనంలోనో పెట్టాలని కేంద్ర ఎన్నికల సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. పోలీస్ స్టేషన్, ఆసుపత్రి, గుడి, ఇతర ప్రార్థనా స్థలాలు పనికిరావు. బలహీన వర్గాలు ఉండే వాడలో ఓటర్లు తక్కువగా ఉన్నా అక్కడే కేంద్రం పెట్టాలి. తప్పనిసరై ప్రైవేటు భవనం తీసుకుంటే దాని యజమాని అభ్యర్థి కాకూడదు, ఏ అభ్యర్థికీ మనిషి అని పేరు పడినవాడూ కాకూడదు. భవనం, దాని చుట్టూ 200 మీటర్ల వరకు, ప్రిసైడింగ్ ఆఫీసర్ అదుపులో ఉండాలి. యజమాని వాచ్‌మన్ కూడా అక్కడ కనపడకూడదు. రాష్ట్ర ఎన్నికల సంఘాలు జరిపే స్థానిక ఎన్నికలు కూడా దాదాపు ఈ బాటలోనే నడుస్తాయి.

వాచ్‌మన్ కూడా ఉండొద్దని ఎందుకు రాశారు? గోడ ఎవరిదైతే ఓటు మీద నీడ వాడిదే పడుతుందని, ఆ రూలు రాసినవాళ్లకు తెలుసు గనక.

మన ఊళ్లకు ఇది కొత్త సంగతి కాదు. తెలంగాణ పల్లెలో పంచాయతీ అంటే దొర గడి ముందు జరిగేది. పటేల్, పట్వారీ అరుగు మీద కూర్చునేవాళ్లు. మనవాళ్లు చెప్పులు చేత పట్టుకుని ఎండలో నిలబడేవాళ్లు. కోస్తాలో చావడి, రచ్చబండ, గుడి మండపం. పేరు ఏదైనా, మాట చెల్లే చోటుకు మనకు ప్రవేశం లేదు. ప్రవేశం లేని చోట పెట్టె పెట్టి "రండి, ఓటేయండి" అంటే ఎవరు పోతారు? పోయినా ఎవరి మొహం చూసి వేస్తారు?

గది లేని ఓటు కూడా ఉండేది. ఉత్తరప్రదేశ్‌లో స్వాతంత్ర్యం వచ్చాక తొలి గ్రామ పంచాయతీ ఎన్నికలు చేతులెత్తే పద్ధతిలో జరిగాయి. ఊరంతా ఒక చోట చేరుతుంది, భూస్వామి ముందు వరుసలో ఉంటాడు, అతని పొలంలో కూలికి పోయేవాడు అందరి ముందూ చెయ్యి ఎత్తాలి. ఆ చెయ్యి ఎటు లేస్తుందో చెప్పడానికి పండితుడు అక్కర్లేదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామాన్ని కాకుండా వ్యక్తిని పునాదిగా తీసుకున్నందుకు సంతోషం వెలిబుచ్చింది ఇందుకే. గ్రామం చేతులెత్తిస్తుంది. వ్యక్తికి చాటు కావాలి. ఆ చాటు ఇచ్చే నాలుగు గోడలు ఊరి పెద్దవి కాకుండా అందరివీ అయి ఉండాలి.

అయితే "అందరివీ" అన్న మాట దానంతట అది రాలేదు. పన్ను డబ్బుతో కట్టిన బావి, బడి, కచేరీ, దవాఖానా అన్నీ కాగితం మీద ప్రజలవే. ఆ ప్రజల్లో మనం లేం. ఆ "ప్రజ"లో మనల్ని చేర్చడానికి మన పెద్దలు చట్టసభల్లో కొట్లాడారు. 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే తీర్మానం పెట్టారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే నీటి వనరులు, ధర్మశాలలు, బడులు, కోర్టులు, కార్యాలయాలు, దవాఖానాలు అంటరానివాళ్లకు కూడా తెరవాలన్నది దాని సారం. మరుసటేడు, 1924లో, మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ అలాంటి తీర్మానమే నెగ్గించారు. ఏ ప్రజా మార్గంలోనైనా ఎవరైనా నడవొచ్చు, ఏ ప్రభుత్వ కార్యాలయ ఆవరణలోకైనా, బావి దగ్గరికైనా, చెరువు దగ్గరికైనా ఎవరైనా పోవచ్చు అని. అప్పుడు గుంటూరు, నెల్లూరు, కర్నూలు, విశాఖ అన్నీ మద్రాసు కిందే ఉన్నాయి. అంటే ఆ తీర్మానం తెలుగు మాలపల్లెలకు, మాదిగగూడేలకు కూడా వర్తించేది.

బొంబాయి తీర్మానం ఏమైందో చూడండి. మహాడ్ మునిసిపాలిటీ 1924లో తన చౌదార్ చెరువును అందరికీ తెరుస్తున్నామని తీర్మానించింది. కాగితం మీద తెరిచారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో పోయి నీళ్లు తాగితే దాడి చేశారు. ఆ ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. కోర్టులో ఆ చెరువు ప్రజలదేనని తేలేసరికి 1937 అయింది. మునిసిపాలిటీ అనే చిన్న సభ ఒక్క తీర్మానంతో తలుపు తీయగలదు, ఇంకో తీర్మానంతో మూసేయగలదు. స్థానిక సంస్థల్లో మనవాళ్లు ఉండటం ఎంత అవసరమో మహాడ్ నేర్పింది.

అందుకే 1932 పూనా ఒప్పందాన్ని చివరిదాకా చదవమని నా విద్యార్థులకు చెబుతుంటాను. రిజర్వుడు సీట్ల లెక్క దగ్గరే అందరూ ఆగిపోతారు. చివర్లో రెండు షరతులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి: స్థానిక సంస్థల ఎన్నికల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో నిమ్న కులాల వారని ఎవరికీ ఏ ఆటంకమూ ఉండకూడదు. రెండు: ప్రతి రాష్ట్రంలో విద్యా నిధుల నుంచి వాళ్ల చదువుకు తగినంత సొమ్ము కేటాయించాలి. స్థానిక ఓటు, బడి. ఆ రెండూ చివరికి ఒకే భవనంలో కలుసుకున్నాయి.

ఇప్పుడు మన సికింద్రాబాద్‌కు వద్దాం. 1798 ఒప్పందం తర్వాత హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన ఇంగ్లీషు పల్టన్లు దిగాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఊరికి పేరు పడింది. సైనికుడొక్కడే వచ్చి ఉండలేడు కదా. బట్లర్లు, వంటవాళ్లు, గుర్రాలు చూసే సయీసులు, నీళ్లు మోసేవాళ్లు, పాయఖానాలు ఎత్తేవాళ్లు, చెప్పులు, జీనులు కుట్టేవాళ్లు. తెలుగు పల్లెల నుంచి, తమిళ, మరాఠీ ప్రాంతాల నుంచి మనవాళ్లు పల్టన్ వెంట వచ్చారు. ఘాస్‌మండి అన్న పేరే గుర్రాల గడ్డి బజారు. 1874లో రైలు వచ్చింది, తర్వాత లాలాగూడ వర్క్‌షాప్ వచ్చింది, ఇంకా కొందరు వచ్చారు. ఈ ఊరి బంగళాలు, బారకాసులు, పట్టాలు మన చేతుల మీదుగా లేచినవి.

వాటిలోకి మనల్ని కూలీగానే రానిచ్చారు. జాషువా "గబ్బిలం"లో ఆ పక్షికి గుడిలోకి దారి ఉంది, దానితో కబురు పంపే మనిషికి లేదు. చీపురుతో మాత్రమే బడిలోకి పోయిన ఆ పెద్దామె మాట విన్నప్పుడు నాకు ఆ కావ్యమే గుర్తొచ్చింది.

అప్పుడు మనవాళ్లు చేసిన పని, సొంతంగా బడులు పెట్టడం. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ నాయకత్వంలో ఆది హిందూ పాఠశాలలు ఒక్కొక్కటీ పెరిగి పాతిక దాకా అయ్యాయి. తర్వాత నిజాం ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. ఇటు ఘాస్‌మండిలో అరిగె రామస్వామి సునీత బాల సమాజం నడిపారు. బి.ఎస్. వెంకట్రావు దళితుల చదువు నిధి కోసం నిజాం సర్కారు లోపలి నుంచి కొట్లాడారు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో అచ్చేసిన మన విముక్తి పోరాట చరిత్ర చదవండి. ఈ గల్లీల పేర్లు అందులో కనిపిస్తాయి. మన బస్తీలో సర్కారు బడి అంటే ఎవరో దయతలచి కట్టించిన గది కాదని అప్పుడు అర్థమవుతుంది.

1950లో సికింద్రాబాద్‌కు సొంత కార్పొరేషన్ ఏర్పడింది. 1960లో అది హైదరాబాద్‌లో కలిసింది. మధ్యలో, 1951లో, వయోజన ఓటు హక్కుతో ఇక్కడ పురపాలక ఎన్నికలు జరిగాయి. దేశంలో తొలి సార్వత్రిక ఎన్నికలు ఇంకా పూర్తి కాలేదు. చిలకలగూడ నుంచి ఒక దళిత స్త్రీ గెలిచింది. ఆమె జె. ఈశ్వరీబాయి. బడి పంతులమ్మ. తర్వాత రిపబ్లికన్ పార్టీ నాయకురాలిగా, ఎల్లారెడ్డి ఎమ్మెల్యేగా అసెంబ్లీని గడగడలాడించిన ఈశ్వరీబాయి మొదటి మెట్టు మునిసిపాలిటీ. అదే సికింద్రాబాద్ మాదిగ బిడ్డ టి.ఎన్. సదాలక్ష్మి 1960లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి తొలి మహిళా డిప్యూటీ స్పీకర్ అయింది. ఆస్తి ఉన్నవాడికీ, పన్ను కట్టేవాడికీ మాత్రమే ఓటు ఉండే కాలం పోయిన మరుక్షణం మన బస్తీలు ఎవరిని పైకి పంపాయో చూడండి. ఓటు, అది వేయడానికి భయం లేని చోటు. ఈ రెండూ దొరికితే చాలు మనకు.

తలుపు తెరిచి ఉంటే సరిపోదన్నది ఇంకో పాఠం. అమెరికాలో అలబామా రాష్ట్రం సెల్మాలో 1965 మొదట్లో నల్లజాతి ప్రజలు ఓటరుగా పేరు రాయించుకోవడానికి కౌంటీ కోర్టు భవనం ముందు బారులు తీరారు. అది ప్రజా భవనమే. పన్ను కట్టేవాళ్లలో వాళ్లూ ఉన్నారు. మెట్ల మీద షెరిఫ్ నిలబడ్డాడు. లోపల రిజిస్టర్ తెల్లవాళ్ల చేతిలో ఉంది. మార్చి 7న వంతెన మీద లాఠీలు విరిగాక, ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది. భవనానికి రెండు తాళాలు ఉంటాయి. ఒకటి గేటుకు, ఇంకొకటి జాబితాకు.

ఆ రెండో తాళం ఇవాళ మన ఊళ్లోనే ఉంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో రెండు లక్షల పైన జనం ఉంటారు. అక్కడ కార్పొరేషన్ లేదు, రక్షణ శాఖ కింద కంటోన్మెంట్ బోర్డు ఉంది. ఎనిమిది వార్డులు. బోర్డుకు చివరి ఎన్నిక 2015 జనవరిలో జరిగింది. 2016లో పచ్‌మఢీ కంటోన్మెంట్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అనుమతి లేకుండా కట్టిన ఇళ్లలో ఉండేవాళ్లు బోర్డు ఓటర్ల జాబితాలో చేరడానికి అర్హులు కారని. ఆ తీర్పు తర్వాత సికింద్రాబాద్‌లో రక్షణ శాఖ భూముల్లో ఉన్న బస్తీల పేర్లు వేల సంఖ్యలో బోర్డు జాబితా నుంచి పోయాయి.

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. జీహెచ్ఎంసీ ఎన్నికలకు అసెంబ్లీ ఓటర్ల జాబితానే వార్డుల వారీగా విడగొట్టి వాడతారు. గుడిసె ప్రభుత్వ భూమిలో ఉన్నా, పట్టా లేకున్నా, మనిషి అక్కడ నివసిస్తున్నాడా లేదా అన్నదే లెక్క. ఫుట్‌పాత్ మీద పడుకునేవాడికి కూడా కేంద్ర ఎన్నికల సంఘం దారి పెట్టింది. రాత్రి పూట బీఎల్‌ఓ పోయి అతను అక్కడ పడుకుంటున్నాడని చూస్తే చాలు, ఇంటి కాగితం అక్కర్లేదు. కంటోన్మెంట్ బోర్డు జాబితా వేరు. అక్కడ మనిషి కన్నా ముందు ఇల్లు అర్హత తెచ్చుకోవాలి.

అంటే ఏమైంది? సికింద్రాబాద్ కంటోన్మెంట్ అసెంబ్లీ స్థానం ఎస్సీ రిజర్వుడు. 2023 నవంబర్ 30న, మళ్లీ 2024 మే 13 ఉప ఎన్నికలో, ఆ బస్తీల మనుషులు పోలింగ్ కేంద్రాలకు పోయి ఎమ్మెల్యేను ఎన్నుకున్నారు. అదే మనిషి, అదే గుడిసె. బోర్డు ఎన్నిక వస్తే మాత్రం గోడ మీద అంటించిన కాగితంలో పేరు ఉండదు. శాసనం చేసేవాడిని ఎన్నుకోవచ్చు, తన గల్లీలో మోరీ తీయించేవాడిని ఎన్నుకోరాదు! పల్టన్ వెంట వచ్చి పల్టన్‌కు ఊరు కట్టిన వాళ్ల మనవలు, మునిమనవలు ఇవాళ ఆక్రమణదారులు. పోనీ మిగిలినవాళ్లకైనా ఓటు అందిందా అంటే అదీ లేదు. 2023 ఫిబ్రవరిలో దేశంలో 57 కంటోన్మెంట్లకు ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించి, మార్చిలో రద్దు చేశారు. ఎన్నికైన బోర్డు గడువు ముగిశాక సైనికాధికారి, సీఈఓ, నామినేట్ అయిన ఒక పౌర సభ్యుడితో బోర్డు నడుస్తోంది. పౌర ప్రాంతాలను కార్పొరేషన్‌లో కలిపే చర్చ సాగుతోంది. ఆస్తులు ఎవరికి, పన్నులు ఎవరికి అని మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. కలిసిన రోజు ఏ జాబితా చెల్లుతుంది అని అడిగేవాళ్లు మనమే కావాలి.

ఇక మొదటి తాళం, గేటు. నగరంలో చాలా సర్కారు బడులు అద్దె ఇళ్లలో నడుస్తున్నాయి. పిల్లలు తక్కువయ్యారని కొన్నింటిని పక్క బడిలో కలిపేస్తారు. బడి పోతే చదువు పోతుందని మనం ధర్నాకు కూర్చుంటాం, మంచిదే. దానితోపాటు వాడలో ఉన్న ఒకే ఒక్క ప్రజా గది పోతుందని కూడా చెప్పాలి. బడి పోయిన చోట పోలింగ్ కేంద్రం ఏదో ప్రైవేటు స్కూలుకు మారుతుంది. ఆ స్కూలు యజమాని ఎవరి మనిషో గల్లీలో అందరికీ తెలుసు, రూలు పుస్తకానికి తెలియదు. లేదా రోడ్డు అవతల మరో కులం గల్లీలోకి మారుతుంది. పెద్దవయసు వాళ్లు, దినకూలీకి పోయే ఆడవాళ్లు ఆ రెండు గల్లీలు దాటి పోరు. తర్వాత టీవీలో కూర్చుని "బస్తీల్లో ఓటింగ్ తగ్గింది" అంటారు.

కాబట్టి చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని చెబుతున్నాను. ఏ స్థానిక ఎన్నికకైనా ముందు రెండు ముసాయిదాలు వస్తాయి. ఒకటి ఓటర్ల జాబితా, ఇంకొకటి పోలింగ్ కేంద్రాల జాబితా. రెండింటికీ అభ్యంతరాల గడువు ఉంటుంది. మొదటిదానికి అందరూ పరిగెత్తుతారు, రెండోదాన్ని పార్టీల వాళ్లకు వదిలేస్తారు. వదలొద్దు. మీ బస్తీ కేంద్రం ఎక్కడ పెట్టారో చూడండి. నడిచి వెళ్లండి. ఎంత దూరమో, దారిలో ఎవరి అరుగులు ఉన్నాయో, భవనం ఎవరి పేరు మీద ఉందో, మెట్లు ఎన్నో రాసుకోండి. బస్తీలో బడో, అంబేద్కర్ భవనో, కమ్యూనిటీ హాలో ఉంటే అక్కడే పెట్టమని గడువు లోపల రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఓటేయొద్దనో, ఫలానావాడికే వేయమనో ఎస్సీ, ఎస్టీలను ఆ వర్గాలకు చెందనివాళ్లు ఎవరైనా బెదిరిస్తే అది అట్రాసిటీ చట్టం కింద నేరమని బస్తీలో చెప్పి ఉంచండి. కంటోన్మెంట్‌లో ఉండే మిత్రులు ఇంటింటికీ తిరిగి ఒక లెక్క తీయండి. అసెంబ్లీ జాబితాలో ఉండి బోర్డు జాబితాలో లేనివాళ్లు ఎంతమంది, వాళ్ల కుటుంబం ఎన్ని తరాలుగా అక్కడ ఉంది. రేపు విలీనం మాట తేలేటప్పుడు ఆ లెక్క మన చేతిలో ఉండాలి.

ఆ డిసెంబర్ రోజు సాయంత్రం పెట్టెలకు సీలు వేశాక గది ఊడ్చి అప్పజెప్పాలన్నారు. చీపురు ఎవరు పట్టాలా అని మా సిబ్బంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనూ ఇంకో టీచరూ ఊడ్చాం. బ్లాక్‌బోర్డు మీద పిల్లల అక్షరాలు అలాగే ఉన్నాయి. తుడవలేదు. అది బడే కదా.

వచ్చే వారం ఘాస్‌మండి బడుల గురించి వివరంగా రాస్తాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు సికింద్రాబాద్ తొలి ఎన్నికల్లో ఓటేసిన జ్ఞాపకాలు ఏమైనా ఉంటే అడిగి రాసి పంపండి.

జై భీమ్.